ఒకే బెలూన్‌కు రెండు పెట్టెలు

"వదలద్దమ్మా! సెప్తా ఉండా, వదలద్దు!"

"వదులక్కా. నేను చెప్తా ఉన్నా కదా, వదిలెయ్!"

"గాలి యాడికి ఈడస్తా ఉండాదో కండ్లబడలేదా నీకు? ఆ పక్క కరెంటు స్తంభం ఉండాది. దానికి తగులుకుంటే ఏం జేస్తావు? ఉండేది అదొక్క పెట్టె!"

"నిన్న కూడా గాలే అన్నారు సార్. మొన్న మబ్బు అన్నారు. అంతకుముందు రాహుకాలం అన్నారు. ఇంకెప్పుడు వదలమంటారు?"

"రాహుకాలం నేననలేదు. గ్యాసు మేస్త్రి అన్నాడు."

"మీ ఇద్దరి మధ్యలోకి నన్నెందుకు లాగతారు సార్?" అని గ్యాసు షెడ్డులోంచి మేస్త్రి కేక వేశాడు.

నిజానికి ఇద్దరి మధ్యలో ఉన్నది నేను. నడి వేసవి, మిట్టమధ్యాహ్నం. నెత్తి మీద మనిషికంటే ఎత్తున్న తెల్ల బెలూన్. దాని మెడ నా రెండు చేతుల్లో. పొగరుబోతు కోడెను పట్టుకున్నట్టు అది ఒకసారి అటూ ఒకసారి ఇటూ లాగుతోంది. వదలొద్దన్న ఆయన మా ఆఫీసు పెద్దసారు. వదలమన్నది మా మేడమ్, పరిశోధన చేసే మనిషి. చదువుకున్నవాళ్లు ఇద్దరూ నీడలో నిలబడి పోట్లాడుకుంటుంటే, మూడో తరగతితో బడి మానేసిన నేను ఎండలో నిలబడి ఉన్నాను.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. నేను రిటైరై ఇంట్లో కూర్చున్నాను. కాలేజీకి పోయే మా మనవడు మొన్న ఫోన్ చూసుకుంటూ, "భూమి వేడెక్కడం, మనుషులు చేసింది, ఇదంతా ఉత్త కథ అవ్వా. ఎండలు ఎప్పుడు లేవు?" అన్నాడు. వాడికి నోటితో చెబితే ఎక్కదు. చదివే అలవాటున్న పిల్లలు ఇంకెవరైనా ఉంటారేమోనని ఇది రాస్తున్నాను. మనుషులను మెచ్చుకోవడం నాకు పెద్దగా చేతకాదు. మా పిల్లలనడిగితే చెబుతారు. కానీ ఆ ఇద్దరినీ మెచ్చుకోకుండా ఈ సంగతి చెప్పడం కుదరదు.

మా వాతావరణ ఆఫీసు తిరుపతి ఊరి బయట. నిలబడి చూస్తే కొండ మీదికెక్కే బస్సులు చీమల్లా కనిపించేవి. మా పని రోజుకు రెండుసార్లు, తెల్లవారకముందు ఒకటి, సాయంత్రం ఎండ ఉండగా ఒకటి, బెలూన్ వదలడం. బెలూన్ కింద పొడుగు దారం, దారం కొసన చిన్న పెట్టె. ఆ పెట్టెలో వేడిని కొలిచే సాధనం ఉంటుంది. పైకి పోతూ పోతూ ఎక్కడ ఎంత వేడి ఉందో అది రేడియోలో కిందికి చెబుతుంది. విమానాలు తిరిగే ఎత్తు దాటి, ఇంకా పైకి పోయి బెలూన్ పగిలిపోతుంది. పెట్టె ఎక్కడో పడుతుంది. మామిడితోపుల్లో పడేవి, చెరుకుతోటల్లో పడేవి. ఒకసారి ఒక రైతు దాన్ని బస్సులో పెట్టుకుని తెచ్చి, టికెట్ డబ్బులు ఇప్పించమని వాకిట్లో కూర్చున్నాడు.

నన్ను పనిలో పెట్టుకున్నది పెద్దసారే. నేను నగరిలో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినదాన్ని. పని అడగడానికి పోతే ఆయన చిక్కుపడ్డ దారం ఉండ ఒకటి నా చేతిలో పెట్టి, "ఇది ఇప్పమ్మా, సూద్దాం" అన్నారు. ఎక్కడా తెంపకుండా విప్పి, బొటనవేలికి చుట్టి, "పారేయొద్దండి, పనికొస్తుంది" అని ఆయన చేతికే ఇచ్చాను. "రేప్పొద్దున్నించి రామ్మా" అన్నారు.

అంతవరకు బాగానే ఉంది. తర్వాత చెప్పారు, చేతులకు గాజులుండకూడదని. బెలూన్ రబ్బరు ఉల్లిపొర కంటే కొంచెం మందం, అంతే. గాజు అంచు గీరుకుంటే చాలు, పైకి పోయాక చిరిగిపోతుంది. నైలాన్ చీరలు కూడా పనికిరావు. ఆ బట్ట రాపిడికి నిప్పురవ్వ పుడితే గ్యాసు అంటుకుంటుంది. చీరతో నాకు పేచీ లేదు, నూలుచీరలే చవక. గాజుల మాట చెప్పేసరికి మా అత్త పొయ్యి ముందునుంచి లేచి వచ్చింది.

"నా కొడుకు గుండ్రాయి మాదిరి ఉండాడు. వాడుండంగనే సేతులు బోసిబెట్టుకుని పొయ్యే ఉద్దోగం యాడన్నా ఉండాదా?"

పెద్దసారు స్కూటరు మీద మా ఇంటికే వచ్చారు. తిన్నె మీద కూర్చుని మజ్జిగ తాగి, "అవ్వా, కోడలి సేతికి పసుపుదారం గట్టు. నూలుది. దేవుని దగ్గర గాజులకూ దానికీ తేడా లేదు" అన్నారు.

"తేడా లేదని దేవుడొచ్చి నీకు జెప్పినాడా నాయనా?"

"తేడా ఉండాదని నీకు జెప్పినాడా?"

మా అత్త నవ్వడం అరుదు. ఆ రోజు నవ్వింది. ఆ తర్వాత ఆమె బతికున్నన్నాళ్లూ, దారం నలిగినప్పుడల్లా కొత్తది పసుపులో ముంచి తనే కట్టేది. కొన్నేళ్లకు మేడమ్ మా ఆఫీసుకు కొత్త పెళ్లికూతురుగా వచ్చింది, మోచేతుల దాకా గాజులతో. గోవిందరాజస్వామి సన్నిధి వీధిలో పెరిగిన పిల్ల, గాజులు తీయాలనేసరికి బిక్కమొహం వేసింది. నా దారంలోంచి జానెడు తుంచి ఆమె చేతికి కట్టాను. పేరుకు మేడమ్ గానీ మా పెద్దకూతురి ఈడు.

పెద్దసారు పట్టుదల గురించి ఒక్కటి చెబుతాను. వానలో పెట్టె సిగ్నల్ పోతుంది, ఆ రోజు అంకెలు రావు. పక్కరోజుల అంకెలు చూసి, ఇంతే ఉండి ఉంటుందిలే అని ఎవరైనా నింపేయవచ్చు. అడిగేవాడు లేడు. ఆయన నింపనిచ్చేవారు కాదు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ మొదటిరోజే చెప్పేవారు: "తెలీనిదాన్ని తెలీదని రాయాల. సదువంటే అదే." సర్వీసంతా ఆయన కూడబెట్టిన ఆస్తి ఆ అంకెలే. స్థలం కొనలేదు, ఇల్లు కట్టలేదు. ఎవరైనా అడిగితే, "నా ఇల్లు ఆకాశంలో ఉండాది" అనేవారు.

ఆ అంకెల మీదనే మేడమ్ పరిశోధన. పాతవి, కొత్తవి అన్నీ పేర్చి ఆమె కనిపెట్టింది ఏమిటంటే, ఏళ్లు గడిచేకొద్దీ కింది గాలి వేడెక్కుతోంది, చాలా పైన ఉండే గాలి చల్లబడుతోంది. నాకు అర్థంకాక అడిగాను. "పైన చల్లబడితే మంచిదే కదా మేడమ్?"

"చలికాలంలో పాలు తోడేసి గొంగడి కప్పుతావు కదక్కా. లోపల ఎట్లుంటుంది?"

"వెచ్చగా ఉంటుంది."

"గొంగడి మీద చెయ్యి పెడితే?"

"చల్లగా ఉంటుంది. వేడి బయటికి రాదు కదా."

"అదే. సూర్యుడే ముందుకంటే ఎక్కువ కాస్తా ఉంటే కిందా పైనా రెండూ వేడెక్కాల. కింద వేడెక్కి పైన చల్లబడతా ఉందంటే, ఎండ పెరగలేదు. గొంగడి మందమైంది. పూర్తిగా ఇట్లే కాదు గానీ, దగ్గర దగ్గర ఇదే."

"ఎవరు మందం చేశారు?"

"మనమే. బొగ్గు, డీజిలు, పెట్రోలు కాల్చిన పొగలో ఉండే గ్యాసు. మేస్త్రి మోటారుసైకిలుది కూడా."

"నా బండి తాగేదే తక్కువ మేడమ్!" అన్నాడు మేస్త్రి. ఆ మరునాటి నుంచి బండిని గోడ చాటున పెట్టేవాడు, ఆమెకు కనబడకుండా.

ఆమె చెప్పినదాన్ని పెద్దసారు కూడా ఒప్పుకున్నారు. గర్వపడ్డారు కూడా. ఆయన కూడబెట్టినదానికి ఒక అర్థం దొరికింది కదా. గొడవ తర్వాత వచ్చింది. ఏదో పెద్ద ఊర్లో సభకు పోయి వచ్చింది మేడమ్. అక్కడ ఒకాయన లేచి ఒక ప్రశ్న వేశాడట. "మీ ఆఫీసులో మధ్యలో పాత రకం పెట్టెలు మానేసి కొత్త రకం పెట్టెలు వాడారు కదా. చల్లబడింది గాలేనా, లేక మారింది పెట్టేనా?"

మీకు అర్థమయ్యేట్టు చెబుతాను. కొట్టువాడు తక్కెడ మార్చాడు. మార్చిన తర్వాత బస్తా బరువు తగ్గింది. బియ్యం తగ్గాయా, తక్కెడ తేడానా? రెండు తక్కెళ్లలో ఒకే బస్తా తూచి చూస్తే తప్ప తెలియదు.

ఆమె ఏదో ఒక జవాబు చెప్పి కూర్చోవచ్చు. సభలో చాలామంది అలాగే చేస్తారట. తిరిగొచ్చిన రోజే, "అక్కా, పాత పెట్టెలు ఏమైనా మిగిలినాయా?" అని అడిగింది. కొత్తవి వచ్చినప్పుడు పాతవి తీసి పారేయమన్నారు. పారేయడం నా ఒంటికి పడదు. ఆఫీసులో పగిలి పడిన బెలూన్ రబ్బరు తెచ్చి ఊరగాయ జాడీకి మూతి కట్టుకునేదాన్ని నేను. ఆ పెట్టెలను కూడా స్టోరు రూములో అటక మీద గోనెపట్టా కప్పి పెట్టి ఉంచాను. వాటిలో పనిచేసేవి కొన్ని తేలాయి. కొత్త పెట్టె ఒకటి, పాత పెట్టె ఒకటి ఒకే వెదురు బద్దకు రెండు కొసల్లో కట్టి, ఒకే బెలూన్‌కు వేలాడదీసి పంపాలి. ఒకే గాలిని రెండూ కొలుస్తాయి. తేడా ఉంటే బయటపడుతుంది.

మొదట చీకటితో వదిలాము. రెండు పెట్టెలూ ఒకే మాట చెప్పాయి. మళ్లీ ఒకరోజు వదిలాము. మళ్లీ అదే. పెద్దసారు ఆఫీసంతటికీ మైసూరుపాకు పంచారు. "సూసినారా? నా పెట్టెలు అబద్ధం జెప్పవు!" మేడమ్ తన ముక్క తిని, చెయ్యి తుడుచుకుని, "ఎండలో కూడా పంపాల సార్" అంది.

ఆయన ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఆయనకు తెలుసు. ఎండలో నిలబెట్టిన స్కూటరు సీటు మీద చెయ్యి పెడితే చుర్రుమంటుంది. అక్కడి గాలి అంత వేడిగా లేదు, సీటే కాగింది. పెట్టెలో సాధనం కూడా అంతే. పైన గాలి పల్చబడిపోతే దాన్ని చల్లబరిచేదేమీ ఉండదు. పాత పెట్టె ఎండకు తానే కాగి, ఆ వేడిని గాలి వేడి అని చెప్పి ఉంటే? పెద్దసారు అన్నేళ్లు కూడబెట్టిన పగటి అంకెలన్నీ తప్పు. సర్వీసు అయిపోవచ్చిన మనిషి. ఆయన ఇల్లు కూలుతుంది.

అక్కడినుంచి మొదలయ్యాయి గాలి, మబ్బు, రాహుకాలం. ఆయన వద్దనలేదు. ఇవాళ వద్దనేవారు, అంతే. బతిమాలి ఒకసారి ఎండలో వదిలితే బెలూన్ షెడ్డు దాటకముందే పగిలింది. ఇంకోసారి పాత పెట్టె నోరు మూసుకుంది, సిగ్నల్ రాలేదు. చివరికి ఒక్క పాత పెట్టె మిగిలింది. ఆ ఒక్కటీ నా నెత్తి మీది బెలూన్‌కు వేలాడుతుండగా మొదలైంది, నేను ముందు చెప్పిన గొడవ.

"ఇది పోతే ఇంకేం లేదు మేడమ్. ఇంకో నెల ఆగుదాం. మంచి గాలి జూసుకుని పంపుదాం."

"ఇంకో నెలకు మీరు రిటైరవుతారు సార్."

"అయితే? నేను పోయినాక నా అంకెలు దప్పని రాసుకుంటావా?"

"మీ అంకెలు తప్పయితే ముందు కూలేది నాది సార్. నేను కట్టిందంతా మీ అంకెల మీదే. పాత పెట్టె ఎక్కువ వేడి చూపించి ఉంటే, కొత్త పెట్టె వచ్చేసరికి చల్లబడినట్టు కనిపించింది, అంతే. నేను చెప్పిందంతా చెరిపేసుకోవాల." "అయినా తెలుసుకోవాల కదా. తెలీనిదాన్ని తెలీదని రాయమని మీరే కదా చెప్పినారు."

పెద్దసారు వెనక్కి తిరిగి వరండా వైపు నడిచారు. మేడమ్ మళ్లీ వదలమని చెప్పలేదు. చెప్పవచ్చు. నా ముఖం ఆమె వైపే ఉంది, ఒక్క సైగ చాలు. ఆమె ఆయన వీపు చూస్తూ నిలబడింది. నా అరచేతులు చెమటకు జారుతున్నాయి. మేస్త్రి షెడ్డు గడపలోకి వచ్చి నిలబడ్డాడు.

ఆయన వరండా మెట్టు మీద ఆగారు. మా వైపు తిరగలేదు.

"గాలి పడింది" అన్నారు.

పడలేదు. నా చేతుల్లో ఉంది, నాకు తెలియదా? మేడమ్ నా వైపు చూసి తలూపింది. నేను బెలూన్‌ను నాలుగు అడుగులు కరెంటు స్తంభానికి ఎదురుదిక్కుకు నడిపించి వదిలాను. వెదురు బద్ద గిర్రున తిరిగి, స్తంభం పక్కనుంచి, చూస్తున్న మా ముగ్గురి మీదుగా లేచిపోయింది.

లోపల కంప్యూటర్ మీద రెండు గీతలు, ఎర్రది పాత పెట్టెది, నీలంది కొత్త పెట్టెది. ఆ అంకెలు నాకు అర్థం కావు గానీ గీతలు చూడటం వస్తుంది, మగ్గం మీద రెండు పోగులు కలిసి పోతున్నాయా లేదా అన్నట్టు. చాలాసేపు కలిసే పోయాయి. పెద్దసారు కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. పైకి, ఇంకా పైకి. అప్పుడు ఎర్రది మెల్లగా పక్కకు జరిగింది. జరిగింది మళ్లీ కలవలేదు. పైకి పోయేకొద్దీ ఎడం పెరిగింది. పాత పెట్టె ఎండకు కాగింది.

పైన బెలూన్ పగిలింది, గీతలు ఆగిపోయాయి.

మేడమ్ తల వంచుకుని ఏవో లెక్కలు మొదలుపెట్టింది. టీ తెచ్చి పెట్టాను, చల్లారిపోయింది, తీసుకుపోయి మళ్లీ కాచి తెచ్చాను. పారబోయలేదు, ఆఫీసు పాలైనా పాలే. సాయంత్రానికి ఆమె తలెత్తింది.

"సార్, చల్లబడిందని నేను చెప్పినదాంట్లో ఒక భాగం పెట్టె మారినందుకే. అది తీసేస్తాను."

"చీకటితో వదిలినవి?" అన్నారు ఆయన.

"అవి నికరం సార్. రాత్రిపూట మీ పాత పెట్టె, కొత్త పెట్టె ఒకటే చెప్పినాయి కదా. మీ తెల్లవారుజాము అంకెల్లో ఒక్కటి కూడా మార్చే పనిలేదు. వాటిలో కూడా పైగాలి చల్లబడతానే ఉంది. నేను చెప్పినంత కాదు. కానీ ఉంది. దాన్ని పెట్టె మీదికి నెట్టలేరు ఎవరూ."

ఆయన కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. "రాసుకో. పెట్టెలు ఒకసారి కాదు, రెండుసార్లు మారినాయి. మొదటి మార్పులో లోపలి సాధనం మీద పూత రంగు మాత్రం మారింది, నీకు తెలీదు అది. రంగు మారితే ఎండకు కాగేదీ మారతాది. ఏ వానాకాలంలో వచ్చినాయో సెప్తా." ఒక్కొక్క లోటూ తనే చెబుతూ పోయారు. మేడమ్ ఆపి, "సార్, ఇవన్నీ రాస్తే పగటి అంకెల్లో చాలా సరిచేయాల్సి వస్తుంది" అంది.

"సెయ్యి. ఎవరు జెప్పినారో కూడా రాయి. నా పేరే రాయి."

పిల్లలూ, మీరు చేతిలో ఫోన్ పెట్టుకుని ఇదంతా కథ అంటారు. మనిషి వల్లే భూమి వేడెక్కుతోందని చెప్పేవాళ్లు ఆ మాట ఊరికే అనలేదు. అనకముందు, తమ మాట తామే పడగొట్టుకోవడానికి ఎన్ని దారులున్నాయో అన్నీ వెతికారు. పడింది పడనిచ్చారు. పడకుండా మిగిలిందే మీకు చెప్పారు. బంగారం కొనేటప్పుడు కూడా మీరు అంతగా గీసి చూడరు. నేను ఇద్దరిని దగ్గరగా చూశాను. చేతిలో గెలుపు ఉండి కూడా ఒకామె దాన్ని తూకానికి పెట్టింది. ఇంకొకరు జీవితమంతా కట్టినదాంట్లో చెదలు పట్టిన దూలం ఎక్కడుందో వేలుపెట్టి చూపించారు. నా మెప్పుతో ఎవరి జీతమూ పెరగదు. అయినా చెబుతున్నాను.

ఆ రాత్రి ఇంటికి పోయి పడుకున్నాను గానీ, పొద్దున పెద్దసారు రారేమో అనుకున్నాను. అన్నేళ్లలో ఆయన తెల్లవారుజాము బెలూన్ తప్పింది లేదు. అయినా అనుకున్నాను.

మరునాడు చీకటితో నేను పోయేసరికి షెడ్డులో దీపం వెలుగుతోంది. మేస్త్రి గ్యాసు పడుతున్నాడు. పెద్దసారు వచ్చి ఉన్నారు. చొక్కా చేతులు పైకి మడిచి బెలూన్ మెడ తనే పట్టుకుని నిలబడ్డారు. నేను అందుకోబోతే, "ఉండనీమ్మా, ఈరోజు నేను పట్టుకుంటా" అన్నారు. మేడమ్ కింద కూర్చుని కొత్త పెట్టెకు దారం ముడివేసింది. వేసి లేచి, చేతికి జారిన పసుపుదారం పైకి తోసుకుంటూ అడిగింది.

"వదలమంటారా సార్?"

"నేను గదమ్మా పట్టుకోనుండేది. నువ్వు జెప్పు, నేను వదుల్తా."

ఆమె చెప్పింది. ఆయన వదిలారు. కొండ మీద దీపాలు ఇంకా ఆరలేదు. బెలూన్ వాటిని దాటి పోయింది. నేను కింద పడ్డ దారం ముక్కలు ఏరి, వేలికి చుట్టుకుని, కొంగులో కట్టుకున్నాను.